తోరణం దగ్గరే ఆగిపోకండి

ఖిలా వరంగల్‌కు ఎవరు కెమెరా పట్టుకొచ్చినా ముందు నిలబడేది కీర్తితోరణం ఎదుటే. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం, తీయాల్సిందే. పెళ్లి ఫొటోలు తీసే వాణ్ని కాబట్టి ఎన్నో జంటల్ని నేనూ అక్కడ నిలబెట్టాను. నా బాధల్లా ఒకటే. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు దేనికోసం నిలబడ్డాయో దాన్ని మనం తీయడం లేదు.

వాటి నడుమ ఉండింది స్వయంభూ శివాలయం. 1323లో ఢిల్లీ సేన ఓరుగల్లును గెలిచాక ఆ గుడి నేలమట్టమైంది. స్తంభాల ముక్కలు, దూలాలు, చెక్కడపు పలకలు ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఉన్నాయి. జనం వాటిని దాటుకుంటూ తోరణం వైపు వెళ్లిపోతారు.

ఒక్కసారి పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళ, ఆ రాళ్ల పక్కన కూర్చుని చూడండి. మిట్టమధ్యాహ్నం చదునుగా కనిపించే నల్లరాయి మీద అప్పుడు పూసల దండలోని ఒక్కో పూసా విడిగా లేస్తుంది. నునుపు పెట్టిన చోట వెలుగు జారిపోతుంది, పెట్టని చోట ఉలి గాట్లు లెక్కపెట్టొచ్చు. ఒక స్తంభం ముక్క కొసన, పై రాతి గుంటలో కూర్చోవడానికి శిల్పి వదిలిన బొడిపె ఉంది. గుడి నిలిచి ఉంటే ఆ బొడిపె ఎవరికీ కనబడేది కాదు. రాతిని రాతితో ఎలా కలిపారో చెప్పేది అదే. నా దృష్టిలో ఈ కోటలో అంతకు మించిన ఫొటో లేదు.

రాతి పనిని చూపించడానికి కెమెరాను నమ్ముకున్న కట్టడకారుడు ఒకడున్నాడు. అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే వాస్తుశిల్పి 1937లో టాలీసిన్ వెస్ట్ అనే కట్టడాల సముదాయం కట్టడం మొదలుపెట్టాడు. అక్కడి రాళ్లనే కాంక్రీటులో పేర్చి గోడలు లేపాడు. 1939లో పెద్రో గెరెరో అనే కుర్రాడికి ఆ కట్టడాల ఫొటోలు తీసే పని అప్పగించాడు. 1959లో రైట్ పోయేదాకా గెరెరో ఆయన కట్టడాలు తీస్తూనే ఉన్నాడు. కట్టినవాడే తన పనిని చూపించే మనిషిని ఎంచుకున్నాడు. మన దగ్గర, 1213 నాటి పాలంపేట గుడికి రామప్ప అనే శిల్పి పేరే నిలిచిందని చెప్పుకుంటాం. స్వయంభూ గుడి చెక్కినవాళ్లకు ఆ పాటి గుర్తింపు కూడా దక్కలేదు. వాళ్ల పనితనాన్ని చూపించే బాధ్యత ఇక మన కెమెరాలదే.

పండితులు ఈ శిథిలాల మీద పుస్తకాలు రాశారు. మామూలు జనం ఫోన్లలో తిరిగేది మాత్రం ఆ ఒక్క తోరణమే. అందుకే అడుగుతున్నా. కేంద్ర పురావస్తు శాఖ అనుమతిచ్చి దారి చూపాలి. వరంగల్ ఫొటోగ్రాఫర్లు, చరిత్ర చదివే పిల్లలు కలిసి ఆ ఆవరణలోని ప్రతి రాయినీ కనిపించే అన్ని వైపుల నుంచీ, పక్కన స్కేలు పెట్టి, ఉన్న చోటు తెలిసేలా తీయాలి. ఆ ఫొటోలు అందరూ చూసేలా ఉంచాలి. రేపు ఏ రాయి కదిలినా, ఏ ముక్క పోయినా పట్టుకోవడానికి అవే ఆధారం. స్టాండు, కెమెరా నావి. ఏ ఉదయం రమ్మన్నా వస్తాను. తోటి ఫొటోగ్రాఫర్లూ, మీరూ రండి.