సాయం జాబితాలో పక్కవాడి పేరు

తుపాకుల మధ్య బతుకుతున్న ఊరికి బియ్యం, టార్పాలిన్లు, ఇళ్లు పంపేవారు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ సాయం ఎవరికి అందుతుంది? వాళ్ల పక్కనే ఉన్నవాళ్లకు ఎందుకు అందదు? ఈ లెక్క చూడకుండా పంచితే కడుపులతోపాటు కక్షలూ నిండుతాయి. సహాయ శిబిరాల్లో ఏళ్ల తరబడి పేర్లు రాసి, టోకెన్లు పంచిన మనిషిగా ఈ మాట చెబుతున్నాను.

2004 డిసెంబరు 26 నాటి సునామీ మా నెల్లూరు తీరాన్నీ తాకింది. ఇక్కడి పని ఒక కొలిక్కి వచ్చాక, తమిళం వచ్చినదాన్నని మా సంస్థ నన్ను శ్రీలంక తూర్పు తీరంలోని అంపారా జిల్లాకు పంపింది. ఆ దేశంలో సునామీకి అత్యధికంగా మనుషులు పోయింది ఆ జిల్లాలోనే. తీరం వెంట తమిళుల ఊరు, దాన్ని ఆనుకుని ముస్లింల ఊరు, లోపలికి వెళ్తే సింహళుల పల్లెలు. ప్రభుత్వానికీ, ఎల్‌టీటీఈ తమిళ తిరుగుబాటుదారులకూ మధ్య రెండు దశాబ్దాలుగా సాగిన యుద్ధం 2002 నాటి కాల్పుల విరమణతో ఆగి ఉన్న సమయమది.

అక్కడ ఒక రోడ్డుకు ఇటుపక్క సునామీ బాధితుల కొత్త కాలనీ. సిమెంటు గోడలు, ఇంటికో మరుగుదొడ్డి, గుమ్మం పక్కన దాత పేరున్న పలక. అటుపక్క కొబ్బరాకులు కప్పిన పాకలు. యుద్ధంలో ఇళ్లు పోయినవాళ్లు 1990 నుంచి వాటిలోనే ఉన్నారు. ఇళ్లు మంజూరైనవారి జాబితా బడి గోడకు అంటించిన రోజు, ఆ పాకల్లోంచి ఒకామె వచ్చి కాగితం మీద పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంది. చదవడం అయ్యాక నన్నడిగింది: “అక్కా, మా ఇల్లు కూల్చింది సముద్రం కాదు, యుద్ధం. అందుకేనా మా పేరు లేదు?”

అవును, అందుకే. దాతలు డబ్బిచ్చింది సునామీ పేరున. ఆ పద్దులోంచి యుద్ధ బాధితులకు ఖర్చు పెడితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. ఎక్కడో దూర దేశంలో టీవీ చూసి కరిగిపోయిన మనిషి, రోడ్డుకు అటుపక్క పాకలో ఉన్నవాళ్లకు ఇవ్వొద్దని ఎన్నడూ కోరలేదు. ఆ గీత గీసింది పద్దు పుస్తకం. దాని ఫలితం అనుభవించింది మాత్రం పక్కపక్కన బతకాల్సిన రెండు కుటుంబాలు.

ఇలాంటి గీతలు ప్రభుత్వమూ గీసింది. సముద్రానికి ఇంత దూరంలోపు ఇళ్లు కట్టరాదంటూ దక్షిణాన 100 మీటర్లు, ఉత్తర, తూర్పు తీరాల్లో 200 మీటర్లు నిర్ణయించింది. భద్రత కోసమే అన్నారు అధికారులు. “మా దగ్గరే రెట్టింపు ఎందుకు?” అన్నారు తూర్పు తీరంలోని తమిళ, ముస్లిం జాలరులు. వల, పడవ కళ్లెదుట ఉండాల్సిన మనిషికి రెండు వందల మీటర్లంటే బతుకుతెరువు మారిపోవడమే. తర్వాత నిబంధన సడలించారు. అనుమానం మాత్రం అప్పటికే పాకిపోయింది.

అసలు పోరు పైస్థాయిలో జరిగింది. విదేశీ సాయాన్ని కలిసి పంచడానికి ప్రభుత్వం, ఎల్‌టీటీఈ 2005 జూన్ 24న ఒప్పందం చేసుకున్నాయి. దానికి నిరసనగా సింహళ జాతీయవాద వామపక్ష పార్టీ జేవీపీ సంతకాలకు ముందే అధికార కూటమి నుంచి బయటికి వచ్చింది. తూర్పు తీరంలో అంతగా నష్టపోయిన ముస్లింల తరఫున ఆ పత్రంపై సంతకం లేదు. వాళ్లకు మంటెక్కింది. జులైలో సుప్రీంకోర్టు ఒప్పందంలోని కీలక అంశాలను నిలిపేసింది. మరుసటి ఏడాది యుద్ధం మళ్లీ మొదలై 2009 మే దాకా సాగింది. సాయం వల్లే యుద్ధం వచ్చిందని నేననను. దానికి వేరే కారణాలు బోలెడున్నాయి. కానీ గాయాలు మాన్పాల్సిన డబ్బు తగాదాకు మరో కారణమైందన్నది కాదనలేని నిజం.

అదే సునామీ ఇండొనేసియాలోని ఆచే రాష్ట్రంలో లక్షన్నర మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. అక్కడా ప్రభుత్వంపై తిరుగుబాటుదారుల సాయుధ పోరాటం 1976 నుంచి సాగుతూ ఉండేది. అక్కడ మాత్రం ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు మార్టీ అహ్తిసారి మధ్యవర్తిత్వంలో 2005 ఆగస్టు 15న హెల్సింకీలో శాంతి ఒప్పందం కుదిరింది. చర్చల బల్ల దగ్గర రెండు పక్షాలూ కూర్చున్నాయి కాబట్టే సాయం శాంతికి తోడైంది. అయినా అక్కడ కూడా తీరానికి డబ్బు వరదలా వచ్చింది, యుద్ధంలో చితికిన కొండ ప్రాంతాల పల్లెలు చూస్తూ ఉండిపోయాయి. ఆ లోటు తీర్చడానికి 2006లో వేరే సంస్థ పెట్టాల్సి వచ్చింది. ఆ నిధుల్లో కొంత నేరుగా పల్లెలకిచ్చి, ఎవరికెంతో గ్రామసభలోనే తేల్చుకోమన్నారు. ఆ తర్వాత జరిగిన అధ్యయనంలో పేదరికం తగ్గిందని తేలింది. మాజీ తిరుగుబాటుదారులతో ఊరివాళ్లకు సఖ్యత పెరిగిందని మాత్రం తేలలేదు. డబ్బుతో శాంతిని కొనలేం. ఉన్న కాస్త శాంతిని చెడగొట్టకుండా ఉండటం మన చేతిలో పని.

“ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడమే మా పని, రాజకీయం మాకెందుకు?” అని మా రంగంలోనే చాలామంది అంటారు. ఆ మాట వెనకున్న నిజాయితీని నేను గౌరవిస్తాను. కానీ అవసరాన్నే కొలతగా పెట్టుకుంటే కొబ్బరాకుల పాకలోని ఆమె పేరు జాబితాలో మొదట ఉండాలి కదా! 1994లో రువాండా మారణకాండ తర్వాత సరిహద్దు అవతలి గోమా శరణార్థి శిబిరాల్లో హంతకులే పెత్తనం చెలాయించారు, రేషన్ పంపిణీని గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆ పాపంలో పాలుపంచుకోలేమని ‘సరిహద్దుల్లేని వైద్యులు’ సంస్థ ఫ్రెంచ్ విభాగం శిబిరాల నుంచి తప్పుకొంది. రాజకీయం మనకు పట్టకపోయినా మన బియ్యం బస్తాకు పడుతుంది.

సరిగ్గా చేసిన పనులూ ఉన్నాయి. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు చేరారు. వంటచెరకు కోసం చుట్టుపక్కల అడవి కరిగిపోయింది. కూలి రేట్లు పడిపోయాయి. స్థానికుల్లో కోపం రగిలింది. 2018 నుంచి శరణార్థులకు గ్యాస్ సిలిండర్లు ఇవ్వడం మొదలుపెట్టి, స్థానిక పేద కుటుంబాల్లోనూ కొందరికి ఇచ్చారు. సాయంలో కొంత వాటా ఆ ప్రాంతం వారికే చెందాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. కట్టెల కోసం అడవికి వెళ్లే అవసరం తగ్గిన మేరకు కట్టెల దగ్గర తగాదా తగ్గింది.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోనక్కర్లేదు. ప్రభుత్వ అండ ఉన్న సల్వాజుడుం దళాలు, మావోయిస్టుల హింస మధ్య నలిగి 2005 నుంచి ఛత్తీస్‌గఢ్ గొత్తికోయలు వేల సంఖ్యలో భద్రాచలం అడవులకు వచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులైన వీరికి ఇక్కడ ఆ గుర్తింపు లేదు, పోడు పట్టా లేదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రబోడు దగ్గర పోడు వివాదంలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. నిందితులు గొత్తికోయలు కావడంతో, ఆ వెంటనే గొత్తికోయలందరినీ వెనక్కి పంపేయాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. నేరం చేసినవారికి శిక్ష పడాల్సిందే. ఊరుమొత్తాన్ని వెళ్లగొట్టడం న్యాయం కాదు. ఆ అడవిలో గొత్తికోయ గూడేనికి బోరు వేయించే సంస్థ, పక్కనున్న కోయ గూడెంలో నీళ్లున్నాయో లేదో కూడా చూడాలి. రెండు గూడేలవాళ్లనూ ఒకే చెట్టు కింద కూర్చోబెట్టి బోరు ఎక్కడ వేయాలో అడగాలి.

2025లో అమెరికా యూఎస్‌ఎయిడ్‌ను మూసేశాక ప్రపంచమంతటా సహాయ నిధులకు కోత పడింది. డబ్బు తగ్గినకొద్దీ జాబితాలు కురచ అవుతాయి, బయట మిగిలేవాళ్లు పెరుగుతారు. జాగ్రత్త మరింత అవసరమైన కాలమిది.

విపత్తు వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు, తెలుగు సంఘాలు, గుళ్లు, మసీదులు, చర్చిలు విరాళాలు పోగుచేస్తాయి. వారికి నా విన్నపం ఒక్కటే. డబ్బు అప్పగించే ముందు మూడు ప్రశ్నలు అడగండి. జాబితా ఎవరు రాస్తారు? అందులో లేని పక్క ఊరివాళ్లకు కారణం ఎవరు చెబుతారు? తమకు అన్యాయం జరిగిందనుకున్నవాడు ఎవరికి చెప్పుకోవాలి? జవాబు చెప్పలేని సంస్థకు డబ్బివ్వకండి. చెప్పగలిగిన సంస్థకు ఇచ్చేటప్పుడు మాత్రం, ‘ఇందులో కొంత పక్కవాళ్లకూ ఖర్చు పెట్టవచ్చు’ అని చెక్కుతోపాటు రాసివ్వండి.