రంపె చేసే చెయ్యి

డప్పు వేదిక ఎక్కింది. రంపె ఇంకా చూర్లోనే ఉంది.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనంక మన పిల్లలు పేరు చివర మాదిగ అని ధైర్యంగా రాసుకున్నరు. డప్పు భుజానికేసుకొని హైదరాబాదు దాకా నడిచిన్రు. చెప్పు కూడా ఆత్మగౌరవానికి గుర్తయింది. మంచిదే. కానీ డప్పుకు మూసిన తోలును కోసిందేమిటి? చెప్పు అట్టను చెక్కిందేమిటి? దాని గురించి మన సభల్లో మాట్లాడినవాళ్లు తక్కువ. తోలు పనికి మూడు చాలు: కొయ్యడానికి రంపె, పొడవడానికి ఆరె, కొట్టడానికి గూటం. ఈ మూడింట్లో పదును తగ్గితే పనంతా ఆగేది రంపెతోనే.

ఈ రంపె ఎక్కడి నుంచి వచ్చేది? కమ్మరి కొలిమి నుంచి. మరి ఆ కొలిమికి గాలి పోసిందెవరు? తోలు తిత్తి. ఆ తిత్తిని కుట్టింది మాదిగోడు. మన తోలు లేకుంటే కమ్మరి నిప్పు రాజుకోదు, కమ్మరి ఉక్కు లేకుంటే మన రంపె లేదు. ఇంతగా ఒకరి చెయ్యి ఒకరికి కావాల్సిన ఇద్దరు పనోళ్లను ఒకచోట కూసోనియ్యకుండ, ఒకర్ని ఊర్ల, ఒకర్ని ఊరవతల పెట్టి, ఇద్దరికీ ఆసామి కళ్లంలోనే మేర కొలిచిన్రు. 1936లో అంబేడ్కర్ కులనిర్మూలనలో పనిమంతుల మధ్య గోడల గురించి ఎందుకు అంతగా రాసిండో పుస్తకంలో అర్థం కానివాళ్లకు కొలిమి దగ్గర అర్థమైతది.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పారశీక వర్తకులు సముద్రం దాటి వచ్చిన్రు. మన 'ఉక్కు' అనే మాటే 'ఊట్జ్' అయి ఇంగ్లీషులో చేరిందని పండితులు చెప్తరు. ఆ ఉక్కుతో చేసిన కత్తుల పేర్లు, వాటిని పట్టిన నవాబుల పేర్లు మ్యూజియాల్ల ఉన్నయి. తిత్తి కుట్టినోని పేరు, బొగ్గు కాల్చినోని పేరు ఎక్కడా లేవు.

ఇప్పుడెందుకు ఈ ముచ్చట అంటే, పనిముట్ల పెట్టెల కాలం వచ్చింది. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తులు. ఐదారు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు, ఐదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. ఇంటికి ఒక్కరికే. అర్హత ఉన్నవాళ్లు తప్పకుండా తీసుకోవాలె. అది ఎవరి ధర్మం కాదు, మనం అగ్గిపెట్టె కొన్నా కట్టే పన్ను.

కానీ పట్టిక చదవండి. చెప్పులు కుట్టేవాడు ఒక గడి, కమ్మరి ఇంకో గడి, సుత్తెలు పనిముట్లు తయారుచేసేవాడు మరో గడి. పైన 'కుటుంబ సంప్రదాయ వృత్తులు' అనే మాట. పద్దెనిమిదేళ్ల పిల్లగాణ్ణి తండ్రి కూసున్న పీట మీదనే కూసోమనే మాట అది. 2024 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం ఈ రూపంలో పథకం మాకొద్దని రాసింది. వంశపారంపర్యం షరతు తీసెయ్యాలని, కనీస వయసు 35 చెయ్యాలని అడిగింది. 2025లో సొంత పథకం పెట్టుకుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ చర్చ ఏది?

మా అభ్యంతరం ఇంకొకటి ఉంది. పెట్టెతో వచ్చిన కత్తి మొద్దుబారితే పదును పెట్టుడు రావాలె, పిడి ఊడితే కొత్తది వెయ్యడం రావాలె, విరిగితే ఇంకోటి చేసుకునుడు రావాలె. అది రానోనికి పెట్టె ఇస్తే ఏడాదికి మళ్లీ బజారే దిక్కు.

"చదువుకోమన్నది మీరే, మళ్లీ రంపె పట్టమంటున్నదీ మీరేనా?" అని యువకులు అడుగుతరు. అడగాల్సిందే. లందకాడికి తిరిగి పొమ్మని మేం అనం. చచ్చిన గొడ్డును ఈడ్చే పని వదలమని అంబేడ్కర్ చెప్పిన దాని మీదనే మా నిలకడ. మేం అనేది రంపె పట్టమని కాదు, రంపె చెయ్యమని. తోలు కోసుడు మనకు అంటగట్టిన పని. ఇనుము కాల్చి, సాగగొట్టి, పదును పెట్టుడు మనకు దక్కనియ్యని పని. ఆ రెండింటికీ తేడా ఉంది. అది నేర్చినోడు మాల అయినా మాదిగ అయినా రంపెనే చెయ్యాలని లేదు. కత్తిపీట చేస్తడు, ఉలి చేస్తడు, కొడవలి చేస్తడు.

పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు నిలబడి చూడండి. లారీ కమాన్ పట్టీ, అరిగిన ఆకురాయి, విరిగిన మిషను రంపపు బ్లేడు: అన్నీ మంచి ఉక్కే. కిటికీ చువ్వ పనికిరాదు. దాంట్లో కార్బన్ తక్కువ, ఎంత కాల్చి ముంచినా కత్తికి కావాల్సినంత గట్టిపడదు. కమాన్ పట్టీలో నూటికి సుమారు 0.6 పాళ్లు కార్బన్ ఉంటది, మంచి ఆకురాయిలో ఒక పాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మిషను బ్లేడుకైతే కొలిమే అక్కర్లేదు, అది ముందే గట్టిపడి వస్తది. సానరాయి మీద ఆకారానికి అరగదీసి, ఒక పక్కన వాలు పెట్టి, పిడి కడితే అయిపోయె. రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మన పెద్దమనుషులు ఏ శిక్షణా లేకుండనే ఈ పని చేస్తున్నరు.

కమాన్ పట్టీకి కొలిమి కావాలె. పాత లారీ బ్రేకు డ్రమ్ము, కిందికి ఒక ఇనుప గొట్టం, గొట్టానికి చేత్తో తిప్పే గాలి పంకా, ఇంత కర్రబొగ్గు. దాకలి బదులు లారీ ఇరుసు ముక్కను చెట్టు మొద్దులో దిగ్గొట్టుకోవచ్చు. (రైలు పట్టా ముక్క ఇంకా బాగుంటది. కానీ బిల్లు లేకుండ మన ఇంట్లో అది దొరికితే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద కేసు. జోలికి పోవద్దు.) మొదట చెయ్యాల్సింది కత్తి కాదు, పట్టకారు. పట్టకారు లేకుండ పట్టకారు ఎట్ల చేస్తరంటే, పొడుగు చువ్వ తీసుకుంటే ఒక కొస ఎర్రగైనా ఇంకో కొస చేతికి చల్లగనే ఉంటది. అది అయినంక శానం, ఆ తర్వాతనే కత్తి.

ఎర్రగ కాల్చమంటరు సరే, ఎంత ఎరుపు? కమ్మరి తాత కంటితో చెప్తడు. కొత్తవాళ్లకు అయస్కాంతం చెప్తది. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తది. బడిలో అయస్కాంతం పాఠం చెప్పే మాలాంటోళ్లు ఈ ముక్క పిల్లలకు కొలిమి దగ్గర చూపిస్తే ఎంత బాగుండు! ఆపైన ఇంకొంచెం కాక ఇచ్చి నూనెలో ముంచాలె. నీళ్లల్ల ముంచితే పగలొచ్చు. అప్పుడది గాజు లెక్క పెళుసు, కిందపడితే విరుగుతది. తుడిచి, తళతళ రుద్ది, మళ్లీ సన్నని సెగ మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా కాచాలె. 200 నుంచి 230 డిగ్రీలు. నీలం దాకా పోతే తోలు కోసే అంచుకు ఆ గట్టిదనం చాలదు. కండ్లకు అద్దాలు లేకుండ సాన దగ్గర కూసోవద్దు. జింకు పూత ఇనుమును నిప్పుల పెట్టొద్దు, ఆ పొగ జ్వరం తెస్తది.

ఇదంతా చదివి "వాడలో కత్తులు చేస్తున్నరు" అనేవాళ్లు ఉంటరు. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో ఆయుధాలు పట్టుకొని వచ్చిందెవరో, చచ్చిందెవరో అందరికీ ఎరుకే. అయినా చట్టం తెలిసి ఉండాలె. 1959 ఆయుధాల చట్టం ఇంటిపనికీ వ్యవసాయానికీ మాత్రమే చేసిన వస్తువులను ఆయుధాల్లో లెక్కపెట్టదు. 2016 నిబంధనలు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన అలుగుల గురించి చెప్తూనే ఇంటిపని, వ్యవసాయం, పరిశ్రమ కోసం చేసినవాటిని పక్కన పెట్టినయి. రంపె తోలు పనికి చేసిన పనిముట్టు. కొడవలి వ్యవసాయపు పనిముట్టు. చేసిన ప్రతి వస్తువు కొలత, ఏ పనికి చేసిన్రు, ఎవరికి అమ్మిన్రు అన్నది సంఘం నోటుబుక్కుల రాసిపెట్టండి. జాతరకు, పంచాయితీకి పోయేటప్పుడు ఒంటి మీద కత్తి ఉండొద్దు.

మీ ఊళ్లో రంపె చేసుకునేటోళ్లు, తిత్తి కుట్టిన ముసలోళ్లు, కొలిమి ఎత్తేసిన కమ్మరి పెద్దలు ఎవరైనా ఉంటే పోయి కూసోండి. ఏ పనిముట్టును ఏమంటరో, పిడికి ఏ కర్ర వాడుతరో అడిగి మాకు రాయండి. ఈ పేర్లు జిల్లా జిల్లాకు మారుతయి. రాయడం రానివాళ్లు పిల్లలతో రాయించండి. బొమ్మ గీసి పంపినా సరే, కొలతలు మాత్రం వెయ్యండి.