పాత కేసులు సాక్ష్యం కావు

సంపాదకుడికి,

పాత నేరస్తుడన్న పేరుంటే శిక్ష పడటంలో తప్పేముందన్న గత సంచిక లేఖ చట్టానికే ఎదురు నడిచింది. భారతీయ సాక్ష్య అధినియమం 49వ సెక్షన్ ప్రకారం, తన మంచినడతకు నిందితుడే సాక్ష్యం తెస్తే తప్ప, పూర్వపు చెడునడత సాధారణంగా సాక్ష్యం కాదు.

2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. పట్టుబడిన యువకుడికి పోలీసులు పాత దొంగతనాలూ అంటగట్టారు. 2010లో విజయవాడ కోర్టు శిక్షించింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్లు జైల్లో పోయాయి.

హిందూపురం, ధర్మవరం, పెనుకొండ ఫ్యాక్షన్ రోజులు చూసిన సీమ ఊళ్లు. ఇక్కడ పాత కేసు మాట త్వరగా పాకుతుంది.

పేపర్లో వచ్చిన పాత కేసుల కథను, ఫొటోను జడ్జి పక్కన పెట్టగలడు. సాక్షి పెట్టలేడు! గుర్తింపు పరేడుకు ముందే నిందితుడి ఫొటో వేయడం పత్రికలు మానాలి.

– ఒక పాఠకుడు, హిందూపురం