అనంతగిరికి దారి: రోడ్డా, రైలా?

వానకాలము వచ్చినదనగా మనప్రాంతపు కుటుంబములలో ఒక చర్చ బయలుదేరును. అనంతగిరి కొండలు పచ్చబడినవి, ఒకమాఱు పోయి చూచి రావలెను. మఱి కారులో పోవుదమా, రైలులో పోవుదమా? చిన్న మంగళారము మొదలుకొని మొయినాబాదు, చేవెళ్ల వఱకు గల గ్రామములవారికి ఈ ప్రశ్నయే హాస్యాస్పదముగా తోచవచ్చును. మనకు రైలుమార్గము లేదు. బీజాపూరు రోడ్డు దాపుననే యున్నది. శంకరపల్లి స్టేషను చేరుటకే బస్సునో ఆటోనో వెదకుకొనవలెను. అయినను రైలుపక్షమున నాలుగుమాటలు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. రోడ్డుమీది ద్వేషముచేత గాదు. ఆ రోడ్డునకు ఇరువైపుల నున్న మఱ్ఱిచెట్లమీది ప్రేమచేతనే.

మొదట రోడ్డునకు న్యాయము చేయవలెను. అప్పా కూడలినుండి మన్నెగూడ వఱకు 46 కిలోమీటర్ల పొడవున సుమారు 900 మఱ్ఱిచెట్లు కలవు. నిజాముల కాలమున నాటినవని పెద్దలు చెప్పుదురు. ఊడలు దిగి, కొమ్మలు రెండువైపులనుండి వచ్చి కలిసికొని, వేసవి మధ్యాహ్నమునందు సయితము బాటసారికి పందిరివేసినట్లుండును. బాటలవెంట మఱ్ఱిచెట్లు నాటించితిననియు, అవి పశువులకును మనుష్యులకును నీడ నిచ్చుననియు అశోకచక్రవర్తి తన స్తంభశాసనమున చెక్కించెను. ఆ ధర్మము నేటికిని నిలిచియున్న తావు చూడదలచినవారు పాటలీపుత్రము దాక పోనక్కఱలేదు, చేవెళ్లకు వచ్చిన చాలును. కారు గలవాడు తనకు నచ్చిన చెట్టుక్రింద ఆగి, కూరగాయలో పూలో కొనుక్కొని, మరల సాగిపోవచ్చును. పసిపిల్లలతోను వృద్ధులతోను ప్రయాణము చేయువారికి ఇది చిన్న సౌకర్యము గాదు. రైలు ఎవరికొఱకును ఆగదు.

కాని కారు నడుపువాడు దారిలో చూచునదేమి? ముందు పోవు టిప్పరు వెనుకతట్టు, ఎదురుగా వచ్చు బస్సు దీపములు, అంతియే. ఇఱుకైన మార్గమున ఒక్కక్షణము తలయెత్తి కొమ్మల సొగసు చూడబోయెనా, ప్రాణము మీదికి వచ్చును. 2025 నవంబరు 3వ తేదీని చేవెళ్ల చెంత మీర్జాగూడవద్ద కంకర నింపుకొని వచ్చు టిప్పరు, తాండూరునుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సును ఢీకొనగా 19 మంది మృతిచెందిరి. ఆ దినమున ఈ ప్రాంతమున కన్నీరు పెట్టని యూరు లేదు.

రోడ్డు వెడల్పు చేయవలెనని ఎన్నో యేండ్లుగా కోరువారు మనుష్యుల ప్రాణములనుగూర్చి మాటలాడుచున్నారు. మఱ్ఱులను కాపాడవలెనని జాతీయ హరిత న్యాయస్థానము వఱకు పోయినవారును వృథాగా పోలేదు. 2025లో అధికశాతము చెట్లను ఉన్నచోటనే నిలుపుటకును, కొన్నిటిని పెకలించి వేఱొకచోట నాటుటకును ఒడంబడిక కుదిరినది. ఇరుపక్షములవారిలో ఎవరిని నిందించుటకును నాకు నోరు రాదు. అయితే ఇరువురును అంతగా తలపెట్టని సంగతి యొకటి కలదు. ఆదివారమునాడు నగరమునుండి పచ్చదనము చూచుటకై బయలుదేరు ప్రతి కారును, రోడ్డు చాలదని చెప్పు సాక్షులలో ఒకటి యగుచున్నది. చెట్లను చూడ వచ్చినవాడే చెట్లకు గొడ్డలి తెచ్చుచున్నాడు. టిప్పర్లను మనము ఆపజాలము. మన కారును మాత్రము ఇంటివద్ద నిలుపగలము.

ఇక రైలు. 1874లో సికింద్రాబాదునుండి వాడి జంక్షనుదాక నిజాము రైల్వే వచ్చినది. నేటికిని వికారాబాదు ప్రయాణికులను మోయునది ఆ మార్గమే. లింగంపల్లి దాటిన కొంతసేపటికి మేడలు పలుచబడును. శంకరపల్లి గడచినపిమ్మట ఒకచో ఎఱ్ఱనేల, ఒకచో నల్లరేగడి, పత్తి, మొక్కజొన్న, కందిచేలు, నడుమ నడుమ గుండ్రాళ్లు. వికారాబాదులో దిగి అనంతగిరి యెక్కినచో మూసీనది పుట్టినచోటు చూడవచ్చును. ఆ నీరే దిగువకు వచ్చి, 1908 నాటి వఱద తరువాత తలపెట్టి 1920లో ముగించిన గండిపేట చెఱువున నిలుచును. దిగక ముందుకు సాగినచో పట్టాలు కొంతదూరము అడవినడుమ పోయి, తుదకు నాపరాళ్లకును, 2022లో భౌగోళిక గుర్తింపు పడసిన కందులకును పేరువడిన తాండూరు చేరును. ఇదంతయు చూచుచున్నంతసేపు ఎవరికిని చక్రము పట్టుకొనవలసిన పని లేదు. తండ్రియు పిల్లలతోపాటు కిటికీలోనుండి చూడవచ్చును. కారులో ఆ భాగ్యము ఆయనకు లేదు.

రైలుమీదను ఒకప్పుడు ఇట్టి నిందయే పడినది. 1844లో ఇంగ్లండునందలి విండర్మియరు సరస్సువైపు రైలు వేయబోగా మహాకవి వర్డ్సువర్తు గట్టిగా ప్రతిఘటించెను. జనము గుంపులుగా దిగి ఆ ప్రశాంతతను చెఱచునని ఆయన భయము. ఆ భయము అబద్ధమని చెప్పజాలను. విశాఖపట్టణమునుండి అరకునకు పోవు రైలునకు 2017లో అద్దపు పెట్టె తగిలించినారు. మన మార్గమునకు అట్టి వైభవ మక్కఱలేదు. కిటికీ తెఱచుకొను సామాన్యపు పెట్టె చాలును. నల్లటద్దముల చల్లని పెట్టెలో ముసుగు పెట్టుకొని పండుకొనువాడు ఏ మార్గమున పోయిన నేమి?

విద్యార్థులారా, వచ్చే వానకాలమున అనంతగిరి విహారయాత్రకు పోవునప్పుడు కార్లకు చందా వేయవలదు. శంకరపల్లి దాక బస్సు, అచ్చటినుండి వికారాబాదునకు రైలు. తిరుగుప్రయాణము మాత్రము బస్సులో మన్నెగూడ, చేవెళ్ల మీదుగా చేయుడు. బస్సులో రోడ్డును కనిపెట్టువాడు డ్రైవరు ఒక్కడే, తక్కిన యేబదిమందియు మఱ్ఱులను చూడవచ్చును. చేవెళ్లకు ముందు, రోడ్డునకు దూరముగా బస్సు నిలుప వీలున్నచోట దిగి, ఒక చెట్టు మ్రాను చుట్టుకొలతను త్రాటితో కొలిచి తెండు. మఱుసటి సంచికలో అచ్చువేయుదము.