జడ సరే, అల్లిన చేతి పేరేది?

నైజీరియా ఫోటోగ్రాఫర్ జె.డి. ఓజైకెరె 1968లో తన దేశపు ఆడవాళ్ల జడలను ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు. వీధిలో, పెళ్లిలో, ఆఫీసులో ఎక్కడ మంచి అల్లిక కనిపిస్తే అక్కడ ఆగి అడిగి తీసుకునేవారు. నలుపు తెలుపుల్లో, ఏ హంగూ లేని నేపథ్యంలో, ఎక్కువగా వెనకవైపు నుంచే తీశారు. 2014లో కన్నుమూసేనాటికి ఆ వరుసలో సుమారు వెయ్యి చిత్రాలు పోగయ్యాయి. చాలావాటికి ఆ అల్లిక పేరే శీర్షిక. ఎప్పుడో విప్పేసే జడను శిల్పమంత శ్రద్ధగా చూసి, పేరు రాసి, భద్రపరిచారాయన. 2013లో వెనిస్ బినాలేలో ప్రపంచం వాటిని చూసింది.

అలాంటి ఫోటోలు మనకు లేవా? ఉన్నాయి. వేసవిలో మల్లెమొగ్గలు విరివిగా వచ్చే రోజుల్లో ఆడపిల్లకు పూలజడ కుట్టించి స్టూడియోకు తీసుకెళ్లేవాళ్లు. వెనక నిలువుటద్దం ఉంటే ముఖమూ జడా ఒకే ఫోటోలో పడేవి. సీమంతానికీ అంతే. కోస్తాలో, తెలంగాణలో, సీమలో ఎన్ని ఇళ్ల ఆల్బమ్‌లలో ఆ అద్దం ఫోటో ఉందో! ఓజైకెరె ఒక్కరే నాలుగు దశాబ్దాలకు పైగా చేసిన పనిని, మన ఊరూరి ఫోటో స్టూడియోలు ఎవరూ చెప్పకుండానే చేశాయి. తేడా ఆ తర్వాత వచ్చింది. మన ఫోటో వెనక ఊరు లేదు, సంవత్సరం లేదు. మధ్యాహ్నమంతా కూర్చుని మొగ్గ మొగ్గా కుట్టిన మనిషి పేరు అసలే లేదు.

ఆ చివరి లోటును అమెరికాలో ఒక కళాకారిణి తీర్చిన తీరు గమనించదగ్గది. అక్కడ నల్లజాతి స్త్రీల జుట్టు మీద పెత్తనానికి పాత చరిత్రే ఉంది. 1786లో స్పెయిన్ ఏలుబడిలోని లూయిజియానాలో గవర్నర్ మీరో, బానిసత్వంలో లేని నల్లజాతి స్త్రీలు జుట్టు కనబడకుండా తలకు గుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. వాళ్లు కట్టుకున్నారు, అయితే మెరిసే రంగుల్లో, నగలు గుచ్చి, నలుగురూ తలతిప్పి చూసేలా. 2019లో కాలిఫోర్నియా, జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ పెత్తనం ఎంతకాలం నడిచిందో తెలుస్తుంది. ఆ కళాకారిణి, సోన్యా క్లార్క్, 2014లో రిచ్‌మండ్ నగరంలోని కేశాలంకరణ నిపుణులను పిలిచి, తన తలనే వాళ్లకు అప్పగించింది. వాళ్లు ఆమె జుట్టు అల్లారు. అదే నేర్పుతో కాన్వాస్ మీద పట్టుదారాలతోనూ అల్లారు. ప్రదర్శనలో అల్లికలతోపాటు అల్లినవాళ్ల ఫోటోలూ, పేర్లూ ఉన్నాయి. సెలూన్‌లో నిలబడి పనిచేసే మనిషిని కళాకారిణి అనడానికి అంతకంటే వాదన అక్కర్లేదు. ఆ కృతి ఇప్పుడు బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది.

జుట్టును ధిక్కారానికి గుర్తుగా చూడటం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తిక్కన ద్రౌపది, సంధి మాటలు నడుస్తుండగా కృష్ణుడికి తన జుట్టును చూపించింది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేస్తే అది సభకు సవాలు. ఆ జడ మీద సూర్యుడు, చంద్రుడు, పాము పడగ. ఇంత బరువును ఒక జడ మీద మోపిన కళ మరెక్కడైనా ఉందేమో, నాకు అనుమానమే. అయితే ఆ జడను వేదిక మీద మోసినవాళ్లు తరతరాలుగా మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామను మరిచిపోలేం, మరిచిపోనక్కర్లేదు కూడా. కానీ తమ జడ గురించి ఆడవాళ్లే చెప్పుకునే చోటు కళలో ఆలస్యంగా దొరికింది.

ఇంకో మాట నాకు కష్టంగానే ఉంది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించే రోజుల్లో, కొన్ని కులాల్లో భర్త పోయిన పిల్లకు తల గొరిగించడం ఆచారం. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సాగింది. పాత ఆల్బమ్‌లలో తలమీద ముసుగు కప్పుకుని కూర్చున్న ఆ ముత్తవ్వలు ఉన్నారు. వాళ్లను పూలజడ ఫోటోల పక్కన పెట్టి ఒకే గోడ మీద చూపిస్తే, ఇక్కడ జుట్టు ఎవరి సొత్తుగా ఉండేదో ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది. ఇంట్లో దాచుకున్న బాధను బయటపెట్టడానికి కుటుంబాలు వెనకాడతాయి. అది సహజమే. అనుమతి అడిగి, పేర్లు తీసేసి అయినా చేయవచ్చు.

ఇలాంటి ఫోటోలను, వాటి వెనకున్న పేర్లను పోగుచేయడానికి పెద్ద నిధులేవీ అక్కర్లేదు. ఊళ్లో డిగ్రీ కాలేజీ చాలు, ఒక స్కానర్ చాలు. విద్యార్థులు వేసవి సెలవుల్లో ఇంట్లోని ఒక ఫోటో తెచ్చి నాలుగు సంగతులు రాయాలి: ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ పూలు, ఎవరు కుట్టారు. రాగిడి, జడబిళ్లలు, కుచ్చులు, సవరం ఎవరివో కూడా రాస్తే మంచిది, ఎందుకంటే చాలా ఇళ్లలో అవి అరువు తెచ్చినవే. డల్లాస్‌లో, న్యూజెర్సీలో పెళ్లికూతుళ్లకు జడ కుట్టే తెలుగువాళ్లనూ ఇందులో కలపవచ్చు. నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పగల అమ్మమ్మలు ఇంకా ఉన్నారు కాబట్టి, మొదలుపెట్టవలసింది ఈ వేసవికే.