సర్కారు గోడలపై చిత్రము లుండవలెనా?

ప్రభుత్వమువారు కట్టించు భవనముల వ్యయములో కొంత భాగమును చిత్రములకును శిల్పములకును ప్రత్యేకించి యుంచవలెనా, వలదా యను ప్రశ్న చూచుటకు చిన్నదిగా దోచును. కాని పన్ను చెల్లించువారి చెవిని ఈ మాట పడినంతనే వచ్చు ప్రత్యుత్తరము మాకు తెలియును. “ఆసుపత్రిలో మందులు చాలవు, బడిలో బల్లలు చాలవు, కచేరి గోడకు బొమ్మ లెందుకు?” అందురు. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఇట్లడుగువారు కళాద్వేషులును గారు. ఇల్లు నడుపుకొనుటలో ప్రతి రూపాయిని లెక్కించువారు. అయినను మా యభిప్రాయము వేఱు. నూటికి ఒక రూపాయి చొప్పుననైనను అట్లు ప్రత్యేకించుట మంచిదనియు, ఆ వ్యయము అధికారుల యిష్టానుసారముగా గాక యొక కట్టుబాటు ప్రకారము జరుగవలెననియు మేము తలంచుచున్నాము.

మొదట గమనింపవలసిన సంగతి యొకటి కలదు. సర్కారు గోడ యెన్నడును ఉత్తగా నుండదు. ఏ మండల కచేరికైనను, ఏ బస్సు స్టేషనుకైనను పోయి చూడుడు. అధికారమందున్నవారి పటములు, పథకముల ప్రకటనలు, గడచిన సంవత్సరపు క్యాలెండరు, మూలలయందు తాంబూలపు మరకలు; ఇవి యన్నియు ఎవరును తీర్మానింపకయే వచ్చి గోడ నాక్రమించినవి. ఒక్కొకప్పుడు గోడయంతయు ఆక్రమింపబడును. ఆంధ్రప్రదేశమున గ్రామ పంచాయతీ భవనములకు పాలకపక్షపు జెండా రంగులు వేయించిరని వ్యాజ్యము నడువగా, ఆ రంగులు తొలగింపవలసినదని రాష్ట్ర హైకోర్టు 2020లో ఆజ్ఞాపించెను. సుప్రీంకోర్టును ఆ తీర్పునే నిలిపెను. ఏ పక్షమునో నిందించుటకై దీనిని జ్ఞప్తికి దెచ్చుట లేదు. ఒకరు మానిన పనిని మఱియొకరు చేయుదురు. మేము చెప్పునది ఇంతే: రంగు వేయుటకును ధనము కావలెను, దానిని మార్చుటకును ధనము కావలెను. కాబట్టి గోడకు వ్యయము చేయుదుమా మానుదుమా యన్నది ప్రశ్న కాదు, చేయుచునే యున్నాము. ఆ వ్యయము ఎవరి నిర్ణయమున, దేనికొఱకు జరుగవలెనన్నదే ప్రశ్న.

ఇక బీదతనమును గూర్చిన యాక్షేపణ. బీదకాలమున కళకు వ్యయము చేయరాదనువారికి అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రము కొంత యుపయోగింపగలదు. 1933వ సంవత్సరమున ఆ దేశమున బ్యాంకులు మూతపడి, లక్షలకొలది జనులు పనిలేక రొట్టెకొఱకు వరుసలలో నిలిచి యుండిరి. ఆ దినములలో జార్జి బిడిల్ అను చిత్రకారుడు అధ్యక్షుడగు రూజ్వెల్టునకు జాబు వ్రాసి, మెక్సికో దేశమున యువచిత్రకారులు కొళాయి పనివాని కూలి పుచ్చుకొని ప్రభుత్వ భవనముల గోడలపై చిత్రములు వ్రాసిన సంగతిని తెలిపెను. ఆ సంవత్సరము డిసెంబరు మాసముననే ప్రభుత్వమువారు చిత్రకారులకు వారపుకూలి యిచ్చు పథకము నారంభించిరి. కొన్ని మాసములలోనే సుమారు 3,700 మంది చిత్రకారులును శిల్పులును పని పొందిరి; 15,000 కంటె నెక్కువ పనులు పూర్తియైనవి. చిత్రకారుని యింటను పొయ్యి వెలుగవలెను గదా! అతడును మేస్త్రీవలె, వడ్రంగివలె పనివాడే యను మాట ఆ ప్రభుత్వమువారు ఒప్పుకొనిరి. మా దృష్టిలో ఆ యొప్పుకోలు చిత్రములకంటెను గొప్పది.

మఱుచటి సంవత్సరము, అనగా 1934లో, కూలి సహాయముతో సంబంధము లేని మఱియొక శాఖ ఖజానా విభాగమున నేర్పడెను. క్రొత్తగా కట్టు పోస్టాఫీసులకును ఇతర భవనములకును అగు వ్యయములో సుమారు నూటికొక వంతు కళకు ప్రత్యేకింపబడెను. ఈ శాఖ 1943 వరకు నడిచెను. నేటికిని ఆ దేశపు చిన్న చిన్న యూళ్ల పోస్టాఫీసులలో బిళ్లలు కొనుటకు వచ్చిన రైతు తల యెత్తినచో, తన యూరి పంటయో, తన తాతల నాటి బండియో గోడమీద కనబడును. ఆ చిత్రములన్నియు గొప్పవని మేము చెప్పము. సామాన్యములైనవియు పెక్కు గలవు. కాని చిత్రశాల మెట్లెక్కని మనుష్యునికి ప్రవేశరుసుము లేకుండ ఒక చిత్రము కనబడుట యల్పమైన సంగతి కాదు.

ఆ శాఖవారు చిత్రకారుల నెన్నుకొనిన పద్ధతి మన దేశమున అనుకరింపదగియున్నది. పోటీకి పంపు నమూనాలపై చిత్రకారుని పేరుండరాదు. పేరు వేఱొక కవరులో నంటించి పంపవలెను. పరీక్షకులు చిత్రము నెన్నుకొనిన పిమ్మటనే కవరు విప్పుదురు. మన విద్యార్థులకు ఈ పద్ధతి క్రొత్త కాదు. ప్రభుత్వ పరీక్షల జవాబు పత్రములపైన వారి పేర్లుండవు, సంఖ్యలే యుండును. పదియవ తరగతి పిల్లవాని విషయమున పాటించు జాగ్రత్తను లక్షల రూపాయల శిల్పము విషయమున ఏల పాటింపరాదో మాకు బోధపడుట లేదు. సిఫారసు జాబు చేతబట్టుకొని తిరుగలేని చేర్యాల పటకారునికిని, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారునికిని ఇట్టి కవరొకటే దిక్కు.

కవరు పద్ధతి సర్వరోగములకు మందని కూడ భ్రమపడరాదు. ఐడహో రాష్ట్రమున కెల్లాగ్ అనునది గనుల యూరు. ఆ యూరి పోస్టాఫీసునకు ఫ్లెచర్ మార్టిన్ అను చిత్రకారుని నమూనా పోటీలో గెలిచెను. గనిలో గాయపడిన తోడివానిని ఇద్దరు కూలీలు మోసికొని వచ్చుచున్నట్లు అందు వ్రాయబడెను. గనుల యాజమాన్యమువా రది తమకు అపకీర్తి యని అడ్డుపడిరి. తుదకు 1941లో ఆ గోడమీదికి వచ్చినది వేఱొక చిత్రము. ఆ ప్రాంతమున లోహపు గనిని కనుగొన్న కెల్లాగును, అతని గాడిదయును అందున్నారు. గాడిద వలన ఎవరికిని అపకీర్తి లేదు గాబోలు! ధనబలము గలవారు గోడనుండి నిజమును దింపివేయగలరని ఈ కథవలన తెలియుచున్నది. కనుకనే ఎన్నిక యొకసారి జరిగిన పిమ్మట దానిని మార్చు నధికారము ఏ యొక్కరికిని ఉండరాదని మేము వాదింతుము.

మన దేశమున ఇట్టి ప్రయత్నము జరుగలేదని తలంపరాదు. స్వాతంత్ర్యము వచ్చిన కొలది సంవత్సరములకే, ప్రభుత్వ భవనములందు భారతీయ కళాకారుల పనులకు చోటియ్యవలెననియు, భవన వ్యయముతో పోల్చినచో అది లెక్కకు రానంత స్వల్పమనియు ప్రధానియగు జవహర్‌లాల్ నెహ్రూ సూచించెను. రిజర్వు బ్యాంకు వారు ఢిల్లీ కార్యాలయము కట్టు సందర్భమున ఈ సూచనను చేపట్టిరి. కళావిమర్శకుడగు కార్ల్ ఖండాలవాలా సలహామీద ద్వారమున కొకవంక యక్షుని, మఱియొకవంక యక్షిణిని నిలుపుటకు నిశ్చయించిరి. ధనాధిపతియగు కుబేరుడు యక్షరాజు గదా. బ్యాంకు వాకిట నుండుటకు అంతకంటె తగినవా రెవరు! తొమ్మండుగురు శిల్పుల నడుగగా ఐదుగురు మాత్రము బదులిచ్చిరి. వారిలో శాంతినికేతనపు శిల్పి రామకింకర్ బైజ్ నమూనాలు అంగీకరింపబడెను. మథుర మ్యూజియములోని పార్ఖం యక్షుని, కలకత్తా మ్యూజియములోని బేస్‌నగర్ యక్షిణిని చూచి ఆయన తన రూపములను కల్పించెను.

పని తేలికగా సాగలేదు. తగిన రాతిని కాంగ్రా లోయనుండి తెప్పింపవలసి వచ్చెను. ఏండ్లు గడచెను. బ్యాంకు లెక్కల గుమాస్తాలు శిల్పి జాప్యమునకు ఎంత విసిగిరో ఊహించుకొనవచ్చును. మాకు వారియెడలను జాలి కలదు. తుదకు 1967లో విగ్రహములు నిలిచెను. నిలిచిన పిమ్మట యక్షిణి దిగంబరముగా నున్నదని పార్లమెంటులో ప్రశ్న వేసిరి. రెండువేల యేండ్ల నాటి మూలరూపము మ్యూజియములో పూజ్యమై, దాని యనుసరణము వీధిలో నిలిచినంతనే ఆక్షేపణీయ మగుట వింతయే. కాని ప్రశ్న వేయుట తప్పని మేము చెప్పము. ప్రజాధనముతో చేసిన పనిని గూర్చి ప్రజాప్రతినిధి యడుగుట న్యాయమే. ప్రశ్నయు అడుగబడెను, విగ్రహమును నిలిచెను. సంసద్ మార్గమున పోవువారు నేటికిని ఆ రెంటిని చూడవచ్చును. ప్రభుత్వధనముతో నగు కళకు ఇంతకంటె ఆరోగ్యకరమైన గతి మే మెఱుగము.

ప్రజల నడుగకుండుట వలన కలుగు చిక్కునకు న్యూయార్కు నగరమున ఉదాహరణము కలదు. అచ్చటి ప్రభుత్వ కార్యాలయముల ముందటి చావడిలో 1981లో రిచర్డ్ సెర్రా అను శిల్పి 120 అడుగుల పొడవు, 12 అడుగుల యెత్తు గల ఉక్కు గోడ నొకటి నిలిపెను. దానిని చుట్టి నడువవలసి వచ్చిన ఉద్యోగులు మొఱపెట్టుకొనిరి. 1985లో బహిరంగ విచారణ జరిగెను. మాటలాడిన 180 మందిలో 122 మంది ఉంచవలెననిరి, 58 మంది తీసివేయవలెననిరి. అయినను విచారణ సంఘము తీసివేయుటకే తీర్పు చెప్పెను. 1989లో ఒక రాత్రి దానిని కోసి తీసికొనిపోయిరి. శిల్పి గొప్పవాడా కాడా యను వాదములో మేము దిగము. నిలిపిన నాలుగేండ్లకు గాక నిలుపుటకు ముందే ఆ యుద్యోగులను, ఆ బాటసారులను పిలిచి యడిగి యుండినచో, ధనమును మనస్తాపమును రెండును మిగిలెడివి.

ఇవి యన్నియు పరదేశపు మాటలు, ఢిల్లీ మాటలు అని కొందఱు చదువరులు విసుగుకొందురేమో. మన తెలుగునాటనే దీనికంతకు మూలమైన కథ యొకటి కలదు. విజయనగరపు అచ్యుతదేవరాయల కాలమున పెనుగొండలో అధికారము నెఱపిన విరూపణ్ణ, తన సోదరుడు వీరణ్ణతో గూడ లేపాక్షి వీరభద్రాలయమును కట్టించెను. దాని మండపముల కప్పులమీద చిత్రములను చూడని తెలుగువాడు తన యింటి సొమ్మును తా నెఱుగనివాడే. విరూపణ్ణ రాజు అనుమతి లేకయే బొక్కసపు ధనమును ఆలయమునకు వెచ్చించెనని నేరము మోపిరట. శిక్ష వచ్చునని విని ఆయన తన కన్నులను తానే పెఱికి గోడకు విసరెనట. ఆ మరకలని గోడమీద ఎఱ్ఱని చుక్కలను నేటికిని చూపుదురు. కల్యాణమండపము ముగియక నిలిచియున్నది. ఇది జనశ్రుతియే గాని చరిత్ర నిశ్చయము గాదు. అయినను జనులు ఈ కథను నాలుగువందల యేండ్లకు పైగా ఏల చెప్పుకొనిరి? పని యెంత సుందరమైనను బొక్కసము తాళపుచెవి ఒక్కని చేతిలో నుండరాదని వారికిని తెలిసినందుననే యని మా యూహ. మంజూరు లేని వ్యయము కళకు కూడ కీడే. ఆనాడు విరూపణ్ణకు నూటి కొక వంతు అను చట్టము చేతనున్నచో ఆ మండపపు కప్పు మనకు దక్కియుండెడిదేమో!

చట్ట మన్నచో ఎంత మాత్రము? కోటి రూపాయల భవనమునకు లక్ష రూపాయలు. ఆ లక్ష యెచ్చటనుండియో రావలసినదే, ఆకాశమునుండి రాలదని మేమును ఎఱుగుదుము. కాని అది మందులనుండి తీసినది కాదు. ముఖద్వారపు పాలరాతి పలకలనుండియు, శంకుస్థాపన శిలాఫలకములనుండియు, ప్రారంభోత్సవపు పందిళ్లనుండియు తీయవచ్చును. కప్పు కారుచున్న బడికి ముందు కప్పు వేయవలెను; చిత్రము క్రొత్త కట్టడమునకే యని నియమించినచో ఆ తగవును తీరును.

ఫ్రాన్సు దేశమువారు 1951లో ఈ నూటి కొక వంతు నియమమును మొట్టమొదట విద్యాశాఖ భవనములకే యేర్పఱచిరి. ఇది మాకు మిక్కిలి నచ్చినది. కచేరికి మనుష్యుడు సంవత్సరమున కొకసారి పోవును. బడికి పిల్లవాడు పదియేండ్లు ప్రతిదినము పోవును. శ్రీకాళహస్తి కలంకారి పనివాడు మూడు వారములు ఒక జిల్లా పాఠశాలలో నుండి, పిల్లలు చూచుచుండగా కరక్కాయ నీటిలో తడిపిన బట్టమీద గీత గీసినచో, ఆ మూడు వారములలో వారు నేర్చునది పాఠ్యపుస్తకపు పాఠములో దొరకదు. ఎన్నిక సంఘములో ఉపాధ్యాయు డొకడును, తలిదండ్రుల పక్షమున ఒకరును, పైతరగతుల విద్యార్థి యొకడును ఉండవలెనని కూడ మా కోరిక. పిల్లలకు రుచి లేదనువారు వారి నెన్నడును అడిగినవారు కారు.

తుదకు చిన్న విషయ మొకటి మిగిలినది. లెక్కల శాఖవారు దీనిని వినిన చాలును. సర్కారు కచేరిలో ప్రతి కుర్చీకిని, ప్రతి బీరువాకును వెనుకవైపున రంగుతో సంఖ్య వేసి, ఆ సంఖ్యను పద్దు పుస్తకములో నెక్కింతురు. కాలు విరిగినను అధికారి అనుమతి లేనిదే దానిని పాఱవేయరు. గోడమీది చిత్రమునకును అట్టి సంఖ్య యొకటి యిచ్చి, చేసినవాని పేరును, ఊరును, సంవత్సరమును ఆ పుస్తకములోనే వ్రాయవలెను. అట్లు వ్రాయనిచో, ఏ పండుగకో మంత్రిగారి రాకకో వెల్లవేయు గుత్తదారుడు నిచ్చెన తెచ్చి, చదరపు గజమునకు ఇంతయని కూలి మాటలాడుకొని, ఒక్క పూటలో దానిని కప్పివేయును. అడుగుటకు కాగితమైనను ఉండదు.