అడ్వాన్సు దాకా హీరో... ఆ తర్వాత?

సినిమాలో ఇల్లు కొనడం ఎంత సుఖమో ఎప్పుడైనా గమనించారా? పాట మొదలయ్యేటప్పుడు హీరోగారు రిక్షా తొక్కుతూ వుంటారు. రెండో చరణం అయ్యేసరికి సొంత పోర్టికోలో కారు దిగుతూ వుంటారు. మధ్యలో ఆయన ఎక్కడా ఈసీ తీయించలేదు. లోను కోసం జీతం స్లిప్పులు జిరాక్సు కొట్టించలేదు. "మా సారు సైటు మీదున్నరు, రేపు రాండ్రి" అన్న మాట అసలే వినలేదు. అదృష్టవంతుడు!

ఆ మాట చెవులారా వినాలంటే మన రాంనగర్ రావాలి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సెకండ్ షో చూసి, సినిమా బాగోగుల మీద తగువులాడుకుంటూ నడిచి ఇల్లు చేరుకోగలిగిన పేట యిది. ఆదివారం చేపల మార్కెట్టు సందడి సరే సరి. పాత పెంకుటిళ్ళు ఒక్కొక్కటే నేలకొరిగి, వాటి జాగాల్లో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీలు బ్రిడ్జి తెరిచాక బ్రోచర్లు వేసేవాళ్ళకు కొత్త హీరోయిన్ దొరికినట్టయింది!

ఇక్కడే అద్దెకుంటున్న నా మిత్రుడొకడు, తండ్రి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుకు తన లోను కలిపి ఓ ఫ్లాటు కొందామనుకున్నాడు. బిల్డరు పేరు మనకనవసరం. మొదటి రోజు కారు పంపారు. కూల్‌డ్రింకు ఇచ్చారు. "అంకుల్, మీరు మా నాయన లెక్క" అన్నారు. పెద్దాయన పొంగిపోయారు. శుక్రవారం మంచిదని చెక్కు రాసిచ్చారు.

సోమవారం నుంచి ఫోను ఎత్తే నాథుడు లేడు! శాంక్షన్ ప్లాను కాపీ అడిగితే "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు. ఫ్లాటు చూపించిన కుర్రాడు వేరే సైటుకు మారాడట. అయిదోసారి వెళ్ళినప్పుడు ఆ 'నాయన'గారికి కూర్చోమని కుర్చీ చూపించినవాళ్ళు కూడా లేరు. చివరికి మిత్రుడు ఫోన్లు మానేసి, అడగాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. పది రోజులకు జవాబొచ్చింది. ఆ ఫ్లాటు మున్సిపల్ కార్పొరేషన్ తనఖాలో వుందట!

ఇదేం విచిత్రం అనుకోకండి. అపార్ట్‌మెంటుకు అనుమతి యిచ్చేటప్పుడు కట్టడంలో కొంత భాగాన్ని, మామూలుగా పదో వంతును, కార్పొరేషన్ తనఖా పెట్టించుకుంటుంది. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నాకే అది విడుదలవుతుంది. రిజిస్టరైన తనఖా ఈసీలో కనబడుతుంది కూడా. ఆ ఒక్క ముక్క ముందే చెప్పి వుంటే పోయేది. పెద్దాయన డబ్బు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆయన రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోలేదు. మర్యాద లేకపోవడం అంటే కుర్చీ వేయకపోవడం ఒక్కటే కాదు. అడిగిన దానికి జవాబు చెప్పకపోవడం అంతకంటే పెద్ద అమర్యాద. చాలాసార్లు ఆ మౌనం వెనక ఏదో ఒకటి దాగి వుంటుంది.

మనం సినిమావాళ్ళం కాబట్టి సినిమా భాషలోనే చెప్పుకుందాం. సెన్సారు సర్టిఫికెట్ లేని బొమ్మను హాల్లో వేయడానికి లేదు కదా? 2016లో వచ్చిన రెరా చట్టం ఇళ్ళకు అలాంటిదే. తెలంగాణలో 2017లో దీనికి రూల్స్ వచ్చాయి. రెరాలో రిజిస్టరు కానిదే ప్రాజెక్టుకు ప్రకటన వేయకూడదు, బుకింగులు తీసుకోకూడదు. 'ప్రీ లాంచ్ ఆఫర్' అంటే సెన్సారు కాని బొమ్మకు టిక్కెట్లు అమ్మడమన్న మాట! ధరలో పది శాతం మించి అడ్వాన్సు తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయాలి. చెప్పిన తేదీకి ఇల్లు అప్పజెప్పకపోతే, వద్దనుకున్నవాళ్ళకు డబ్బు వడ్డీతో సహా తిరిగివ్వాలి. వుంటామన్నవాళ్ళకు ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ కట్టాలి.

ఇక్కడే ఒక మెలిక వుంది. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, మించని జాగాలో కట్టినా, ఎనిమిది ఫ్లాట్లు మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన రాంనగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో పెంకుటింటి జాగాలో లేచేవాటిలో ఇలాంటి బుల్లి అపార్ట్‌మెంట్లు చాలానే వుంటాయి. మరి అక్కడ మన గతేమిటి?

అందుకు 1993 నవంబరు 5న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వుంది. లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఇల్లు కట్టివ్వడం కూడా 'సేవ'ే అని కోర్టు తేల్చింది. సర్కారు సంస్థ అయినా, ప్రైవేటు బిల్డరైనా ఒకటే. ఆఫీసుల చుట్టూ తిప్పి వేధించినందుకు నష్టపరిహారం యిప్పించి, దాన్ని బాధ్యులైన అధికారుల నుంచే వసూలు చేయమంది! అంటే ఇల్లు కొనేవాడు దేబిరించేవాడు కాదు, వినియోగదారుడు. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 20 లక్షల నుంచి 50 లక్షల దాకా ఫీజు వెయ్యి రూపాయలే. ప్లీడరు తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి, అంతే.

'నిరీక్షణ' జంట భానుచందర్, అర్చన మీకు గుర్తుండే వుంటారు. అదే బాలూ మహేంద్ర దర్శకత్వంలో ఆ ఇద్దరే చేసిన తమిళ చిత్రం 'వీడు'. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిన ఒక ఉద్యోగిని సొంతిల్లు కట్టుకోవడానికి పడే పాట్లే కథ. తమిళంలో వీడు అంటే ఇల్లు. సినిమా చూస్తే, సిమెంటు దొంగచాటుగా అమ్ముకునే కాంట్రాక్టరును చూపించి 'వీడూ!' అని తెలుగులోనే అనాలనిపిస్తుంది. ఈ పాత్రకు అర్చన జాతీయ ఉత్తమ నటి అయింది. మరుసటి ఏడాది మన బి. నరసింగరావు 'దాసి'కి మళ్ళీ ఆమే! ఇల్లు కట్టడం మీద అంత నిజాయితీగా తీసిన బొమ్మలు మనకు తక్కువ. దొరికితే తప్పక చూడండి.

మీలో చాలామంది ఇప్పుడే ఇల్లు కొనరు. కానీ ఇంట్లో కాగితాలు చదివి నాన్నకు చెప్పేది, ఫోన్‌లో రెరా నంబరు వెతికి చూసేది మీరే. కాబట్టి కూల్‌డ్రింకు తాగండి, తప్పులేదు. చెక్కు పుస్తకం తీసేముందు మాత్రం శాంక్షన్ ప్లాను, ఈసీ, తనఖా ఫ్లాట్ల నంబర్లు, తలుపు లోపల వాడుకునే కార్పెట్ ఏరియా ఎంతో, తాళాలు ఎప్పుడిస్తారో, వద్దనుకుంటే ఎంత కోస్తారో అన్నీ రాతపూర్వకంగా అడగండి. చెక్కు మీ చేతిలో వున్నంతసేపూ ఫోను వాళ్ళే చేస్తారు. అడగాల్సినవన్నీ అప్పుడే అడిగెయ్యాలి. ఏమంటారు?